ట్రిపుల్ ఆప్షన్‌లో మా క్వార్టర్‌బ్యాక్ చూడకుండానే బంతి ఇచ్చేస్తున్నాడు. ఎలా నేర్పాలి?

లెక్కల మాస్టారు, టెక్సాస్

అందరికీ నమస్కారం. సెంట్రల్ టెక్సాస్‌లో ఒక చిన్న ఊళ్లో మిడిల్ స్కూల్ లెక్కల టీచర్‌ని. ఇక్కడి స్కూళ్లలో కోచ్ అంటూ వేరే మనిషి ఉండడు. పాఠాలు చెప్పే మాలోనే కొందరం విజిల్ మెడలో వేసుకుంటాం. మూడేళ్లుగా ఎనిమిదో తరగతి బీ టీమ్‌కి సహాయ కోచ్‌ని. పెరిగింది బాపట్ల దగ్గర, ఆడింది కబడ్డీ. అమెరికన్ ఫుట్‌బాల్ నలభై దాటాక నేర్చుకున్న విద్య. అందుకని ఏదైనా తప్పుగా రాస్తే సరిదిద్దండి.

మా పిల్లలు చిన్నవాళ్లు. వయసులో కాదు, ఒడ్డూ పొడుగూలో. లైన్‌లో, అంటే ముందు వరసలో, అందరికన్నా బరువైనవాడు 160 పౌండ్లు. మొన్న మాతో ఆడిన జట్టులో 200 దాటినవాళ్లు ఇద్దరున్నారు. ఎదురుగా నిలబడి నెట్టుకునే ఆట మావల్ల కాదు. అందుకే ఈ ఏడాది మా హెడ్ కోచ్ ఆప్షన్ ఆడదామన్నారు, బ్యాక్‌ఫీల్డ్ (లైన్ వెనక నిలబడే పిల్లలు) నాకు అప్పజెప్పారు. ఫ్లెక్స్‌బోన్ అనే అమరికలో నిలబడతాం. బంతి మొదట అందుకునే క్వార్టర్‌బ్యాక్ వెనక ఒక ఫుల్‌బ్యాక్, లైన్ చివర్లకి కాస్త వెనగ్గా చెరో పక్క ఒక స్లాట్‌బ్యాక్.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మామూలు పరుగు ఆటలో ఎదుటివాళ్లలో ఎవర్ని ఎవరు బ్లాక్ చెయ్యాలో (అడ్డుకోవాలో) ముందే రాసుకుంటారు, బంతి ఎవరికో కూడా ముందే తెలుసు. ఆప్షన్‌లో ఇద్దరు డిఫెండర్లని కావాలనే వదిలేస్తాం. మా టాకిల్‌కి (లైన్ చివర నిలబడేవాడికి) ఎదురుగానో, బయటో నిలబడ్డ మొదటివాడు డైవ్ కీ. ఫుల్‌బ్యాక్ లోపలికి దూసుకెళ్తుంటే క్వార్టర్‌బ్యాక్ అతని పొట్ట మీద బంతి ఆనించి, ఆ కీని చూస్తాడు. వాడు ఫుల్‌బ్యాక్ మీదకి పోతే బంతి వెనక్కి లాక్కుని బయటికి పరుగెత్తాలి. పోకపోతే ఫుల్‌బ్యాక్‌కే వదిలెయ్యాలి. బయట రెండోవాడు పిచ్ కీ. వాడు క్వార్టర్‌బ్యాక్ మీదకి వస్తే పక్కన పరుగెత్తే స్లాట్‌బ్యాక్‌కి బంతి విసరాలి. రాకపోతే క్వార్టర్‌బ్యాకే పరుగెత్తాలి. ఇద్దర్ని ముట్టుకోకుండానే ఆటలోంచి తీసేసినట్టు. వాళ్ల కోసం పెట్టాల్సిన మన బ్లాకర్లు ఇద్దరు మిగులుతారు. బోర్డు మీద ఈ లెక్క వేసి చూపించిన రోజు పిల్లల ముఖాలు వెలిగిపోయాయి. నాకూ ఇంతకన్నా అందమైన ఆట కనపడలేదు.

ఇప్పుడు కష్టం. మా క్వార్టర్‌బ్యాక్ 13 ఏళ్లవాడు. చురుకైనవాడు, కాళ్లలో మంచి వేగం ఉంది. కానీ చూడటం లేదు. పోయిన గురువారం ఆట వీడియో ఆపి ఆపి లెక్కపెట్టాను. 26 సార్లు ట్రిపుల్ ఆప్షన్ పిలిస్తే 23 సార్లు ఫుల్‌బ్యాక్‌కే ఇచ్చాడు. ఆ 23లో 11 సార్లు కీ నేరుగా ఫుల్‌బ్యాక్ మీదకే వచ్చాడు. అంటే ఆ 11 సార్లూ బంతి లాక్కోవాల్సింది. లాక్కున్న మూడుసార్లలో ఒకసారి వాళ్ల లైన్ వెనక నిలబడే లైన్‌బ్యాకర్ ఎక్కణ్నించో వచ్చి వీణ్ని పడేశాడు. ఇవి కాక ఫుల్‌బ్యాక్‌కి బంతి ఆనించే చోట ఐదుసార్లు జారిపోయింది, అందులో మూడు వాళ్ల చేతికి చిక్కాయి. 28–6తో ఓడిపోయాం.

ప్రాక్టీస్‌లో మాత్రం పదికి ఎనిమిది సరిగ్గా చేస్తాడు! అదే నాకు అర్థం కావడం లేదు. బంతి ఎవరికిస్తాడో ఆట మొదలవకముందే మనసులో తేల్చేసుకుంటున్నాడని నా అనుమానం. 13 ఏళ్ల పిల్లాడికి ఇది మించిన పనా? ట్రిపుల్ ఆపేసి, ఎవరికివ్వాలో నేనే బయటినుంచి చెప్పనా? వచ్చే ఆటకి తొమ్మిది రోజులుంది. ఈ ఆట ఆడినవాళ్లు, నేర్పినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

స్టేట్స్‌బరో పాత విద్యార్థి

మాస్టారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. బయటినుంచి మాత్రం చెప్పకండి. అలా చెప్తే అది ఆప్షన్ కాదు.

నేను 1999లో ఎమ్మెస్‌కి స్టేట్స్‌బరోలోని జార్జియా సదరన్ యూనివర్సిటీలో చేరాను. ఆ ఏడూ, ఆ తర్వాతి ఏడూ కాలేజీ ఫుట్‌బాల్ రెండో స్థాయి, డివిజన్ వన్ డబుల్ ఏలో ఛాంపియన్లు మావాళ్లే. కోచ్ పాల్ జాన్సన్. తర్వాత నేవీ కాలేజీ జట్టుకి, అక్కణ్నించి జార్జియా టెక్‌కి వెళ్లి ఇదే ఆట ఆడించారాయన. ఫుల్‌బ్యాక్ ఏడ్రియన్ పీటర్సన్ (ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు వైకింగ్స్‌కి ఆడిన ఆయన కాదు, అదే పేరున్న ఇంకొకరు). శనివారాలు పాల్సన్ స్టేడియంలో కూర్చుని, బంతి ఎవరి దగ్గరుందో తెలియక స్టేడియం అంతా ఒక్క క్షణం మౌనంగా అయిపోవడం చూశాను. ఆ క్షణం కోసమే ఇప్పటికీ ఈ ఆట చూస్తాను. పన్నెండేళ్లుగా అట్లాంటా పక్కన పిల్లల లీగ్‌లో బ్యాక్‌ఫీల్డ్ నేర్పుతున్నాను.

ముందు మెష్ సంగతి, అంటే ఫుల్‌బ్యాక్ పొట్ట మీద బంతి ఆనించే క్షణం. ఐదుసార్లు బంతి జారిందంటే, ఆ పిల్లాడి కళ్లు కీ మీద ఎలా ఉంటాయి? బంతి మీదే ఉంటాయి. మెష్ చేతులకి అలవాటైతే తప్ప కళ్లకి తీరిక దొరకదు. అందుకే రీడ్ (కీని చూసి తేల్చుకోవడం) తప్పుతోందని మీకు కనిపిస్తున్నదాంట్లో సగం మెష్ తప్పే అయ్యుంటుంది.

మీ ఫుల్‌బ్యాక్ ఎంత దూరంలో నిలబడుతున్నాడు? కొలిచి చూడండి. పిల్లలు తెలియకుండానే ముందుకి జరిగిపోతారు, తొందరగా దూకేయాలని. వాడు దగ్గరైతే క్వార్టర్‌బ్యాక్ తిరిగి చేతులు చాచేలోపే మీదకొచ్చేస్తాడు, ఇక చూడటానికి సమయమేదీ? మీ పక్కనే, ఆస్టిన్‌లో జరిగిందే చెప్తాను. 1968లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌లో డారెల్ రాయల్ హెడ్ కోచ్‌గా ఉన్నప్పుడు ఎమరీ బెల్లార్డ్ విష్‌బోన్ అనే ఆప్షన్ అమరిక తయారుచేశారు. మొదటి ఆట హ్యూస్టన్‌తో 20–20 డ్రా. రెండోది టెక్సాస్ టెక్ చేతిలో ఓటమి. అప్పుడు రెండు మార్పులు చేశారు. క్వార్టర్‌బ్యాక్‌గా జేమ్స్ స్ట్రీట్‌ని దించారు, ఫుల్‌బ్యాక్‌ని కొంచెం వెనక్కి జరిపారు. ఆ తర్వాత వరసగా 30 ఆటలు గెలిచారు. మీరూ ఒక అర గజం వెనక్కి జరిపి చూడండి.

ఫుల్‌బ్యాక్‌కి ఒక్క మాట బాగా ఎక్కించాలి. బంతిని పట్టుకోవడం వాడి పని కాదు. లోపలివైపు మోచెయ్యి పైకెత్తి, చేతులు గూడులా పెట్టుకుని, గార్డ్ (టాకిల్‌కి లోపలి పక్క నిలబడేవాడు) బయటి కాలు మీదుగా పరుగెత్తడమే వాడి పని. క్వార్టర్‌బ్యాక్ చెయ్యి తీసేశాక బంతి ఇంకా పొట్ట దగ్గరుంటే అప్పుడు నొక్కిపట్టాలి. తొందరపడి ముందే నొక్కేస్తే ఇద్దరూ చెరోవైపు లాగుతారు, అక్కడే జారిపోతుంది. మీ ఐదింట్లో నాలుగు ఇలాంటివే అయ్యుంటాయని నా పందెం.

క్వార్టర్‌బ్యాక్‌కి: బంతిని వీలైనంత వెనక్కి చాచి ఫుల్‌బ్యాక్ వెనక తుంటి దగ్గర ఆనించాలి, ముందరి తుంటి దాకా అతనితోపాటు తీసుకెళ్లాలి. ఆలోచించుకోవడానికి వాడికి దొరికేది ఆ కొద్ది దూరమే. ఆ దూరం దాటాక మనసు మార్చుకోకూడదు. ఫుల్‌బ్యాక్‌ని చూడకూడదు, బంతిని అసలే చూడకూడదు.

కళ్లు కీ మీద ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి నేను వాడే పద్ధతి చాలా పాతది. కీ చోట మీరే నిలబడండి. ఫుల్‌బ్యాక్ మెష్ దగ్గరికి వచ్చే క్షణంలో వేళ్లు చూపించండి, రెండో, మూడో, నాలుగో. వాడు ఆ అంకె గట్టిగా అరుస్తూ మెష్ పూర్తిచెయ్యాలి. అరవలేకపోతే చూడలేదన్నట్టే. రోజుకి పది నిమిషాలు చాలు. లైన్ మొత్తం అక్కర్లేదు, సెంటరూ, క్వార్టర్‌బ్యాకూ, ఫుల్‌బ్యాకూ, మీరూ. లైన్ చోట నేను పాత నీళ్ల పైపు ఒకటి నేలమీద పరిచి, గార్డూ టాకిలూ ఎక్కడ నిలబడతారో దానిమీద తెల్లరంగు గుర్తులు పెట్టాను. ఆ గుర్తులు లేకపోతే ఫుల్‌బ్యాక్ దారి రోజుకో రకంగా మారిపోతుంది.

ఇక రీడ్. "ఇవ్వాలా, లాక్కోవాలా" అని రెండు సమానమైన దారులుగా నేర్పకండి. పిల్లాడు నలిగిపోతాడు. ఇవ్వడమే నియమం. కీ ఫుల్‌బ్యాక్‌ని పట్టుకునేట్టు ఉంటేనే లాక్కోవాలి. కీ కదలకుండా నిలబడిపోయాడా, ఇచ్చెయ్. అనుమానమా, ఇచ్చెయ్. ఇక వాడు కనిపెట్టాల్సింది ఒక్కటే: కీ దగ్గరి భుజం లోపలికి తిరిగిందా లేదా. కాళ్లు మోసం చేస్తాయి, తల మోసం చేస్తుంది, భుజం అంత తేలిగ్గా మోసం చెయ్యదు.

ప్రాక్టీస్‌లో పదికి ఎనిమిది అన్నారు. అక్కడ కీగా ఎవరు నిలబడుతున్నారు? మీ జట్టు పిల్లాడే అయితే వాడికి ఆట తెలుసు కాబట్టి ముందే ఒకవైపు వాలిపోతాడు, మీవాడు స్నాప్‌కి (సెంటర్ బంతి వెనక్కి అందించడానికి) ముందే అది కనిపెట్టేస్తాడు. అలా ఆడిన ఎనిమిది లెక్కలోకి రావు. కీ ఎప్పుడూ ఆలస్యంగా తేల్చుకోవాలి.

ఒక ప్రశ్న అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. వాడు తప్పుగా లాక్కున్నప్పుడు మీరు ఏం చేస్తారు? మాట కాదు, ముఖం, చేతులు. ఎందుకడుగుతున్నానంటే, ఇప్పుడు ప్రతి టీవీ ఆటలో కనిపించే జోన్ రీడ్, ఆప్షన్‌కి చుట్టంలాంటి ఆట, ఎలా పుట్టిందో తెలుసు కదా. 1990ల మొదట్లో వెస్ట్ వర్జీనియాలో గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీలో రిచ్ రాడ్రిగెజ్ కోచ్. ఒక ఆటలో క్వార్టర్‌బ్యాక్ బంతి అందించడం తప్పిపోయి, తనే పట్టుకుని, డిఫెన్సివ్ ఎండ్ (ఎదుటి లైన్ చివరివాడు) లోపలికి పోయి ఖాళీ చేసిన చోటికి పరుగెత్తాడు. రాడ్రిగెజ్ తిట్టలేదు, ఎందుకలా వెళ్లావని అడిగారు. ఎండ్ లోపలికి వచ్చేశాడు కాబట్టి అని జవాబు. ఆ ఒక్క జవాబులోంచి ఒక ఆటే పుట్టింది. ఆయన ఆ రోజు అరిచి ఊరుకుని ఉంటే?

లెక్కల మాస్టారు, టెక్సాస్

స్టేట్స్‌బరో గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చేతులెత్తి నమస్కారం. నిన్న టేపుతో కొలిచాను. ఫుల్‌బ్యాక్ ఉండాల్సిన చోటుకి దాదాపు రెండడుగులు ముందుకొచ్చేసి ఉన్నాడు. నాలుగు వారాల నుంచీ ఎవరం గమనించలేదు.

మీ ప్రశ్నకి జవాబు. ఈరోజు ప్రాక్టీస్ అయ్యాక పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, కీ మీదకొస్తున్నా ఎందుకిచ్చేస్తున్నావని నెమ్మదిగా అడిగాను. కాసేపు హెల్మెట్ పట్టీ నులుముకుంటూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "సీజన్ రెండో ఆటలో నేను లాక్కున్నప్పుడు మీరు క్లిప్‌బోర్డ్ నేలకేసి కొట్టారు కోచ్."

నాకది గుర్తే లేదు. వీడియో తీసి చూశాను. నిజమే. వాడు తప్పుగా లాక్కుని నాలుగు గజాలు పోగొట్టుకున్నాడు, అంచున నేను క్లిప్‌బోర్డ్ విసిరికొట్టాను. ఆ ఆట నుంచి లెక్క చూస్తే, వాడు లాక్కోవడం దాదాపు ఆగిపోయింది. క్లాసులో ఏ పిల్లాడైనా బోర్డు మీద తప్పు చేస్తే నేను సుద్దముక్క విసరను. మైదానంలో ఎందుకు విసిరాను? నిద్ర పట్టడం లేదు. రేపు పొద్దున వాడికి అందరి ముందూ క్షమాపణ చెప్పబోతున్నాను.

టెక్సాస్‌లోని కేటీ నుంచి ఒక అమ్మ

అన్నయ్యగారూ, నాకు ఎక్స్‌లూ ఓలూ (కోచ్‌లు బోర్డు మీద వేసే ఆట బొమ్మలు) తెలియవు. మా అబ్బాయి తొమ్మిదో తరగతి, పోయినేడు ఇదే ఆప్షన్‌లో క్వార్టర్‌బ్యాక్ ఆడాడు. మీరు ఎవరూ రాయని సంగతి ఒకటి రాస్తాను.

బంతి లాక్కుని బయటికి వెళ్తే దెబ్బ తగులుతుంది. పిచ్ వేసినా తగులుతుంది, ఎందుకంటే పిచ్ కీ వాడి మీదకి వస్తేనే కదా పిచ్ వేసేది. ఫుల్‌బ్యాక్‌కి ఇచ్చేస్తే ఏ దెబ్బా లేదు. మా వాడు ఇది నాన్నకీ చెప్పలేదు, కోచ్‌కీ చెప్పలేదు. ఒకరోజు రాత్రి పెరుగన్నం తింటూ నాకు చెప్పాడు. "అమ్మా, నేను చూస్తాను, కానీ కాళ్లు వెళ్లవు" అన్నాడు. పిరికివాడనుకుంటారని ఏ పిల్లాడూ కోచ్ దగ్గర ఈ మాట అనడు.

వాళ్ల కోచ్‌కి నేనే మెయిల్ రాశాను. ఆయన మంచి మనిషి. మర్నాటి నుంచి ప్రతి పిచ్ డ్రిల్‌లోనూ ఒక పిల్లాడు మెత్తటి షీల్డ్ పట్టుకుని వీణ్ని మెల్లగా తోసేవాడు. మొదట మెల్లగా, తర్వాత కొంచెం గట్టిగా. పిచ్ వేశాక గట్టిగా నిలబడిపోకుండా, దెబ్బతోపాటే వెనక్కి తేలిపోవడం, పక్కకి ఒరిగి పడటం నేర్పారు. రెండు వారాల్లో వాడి మాటల్లోనే తేడా తెలిసింది. మీ పిల్లాణ్ని కూడా ఒకసారి అడిగి చూడండి, కానీ అందరి ముందూ అడగొద్దు. వాడికి తలకి ఏమైనా తగిలితే ఆ రోజుకి ఆట ఆపేయండి, ట్రైనర్ చూసేదాకా పంపకండి. అమ్మగా ఇది రాయకుండా ఉండలేను.

లైన్‌బ్యాకర్ 54, న్యూజెర్సీ

అంకుల్, నేను ఇక్కడే పుట్టాను. తెలుగు రాయడం అమ్మమ్మ నేర్పింది, తప్పులుంటే క్షమించండి. హైస్కూల్లో నాలుగేళ్లు లైన్‌బ్యాకర్ ఆడాను. మీ పోస్టులో "లైన్‌బ్యాకర్ ఎక్కణ్నించో వచ్చి" అన్నారు కదా, ఆ లైన్‌బ్యాకర్‌ని నేనే అనుకోండి. ఎక్కణ్నించి వచ్చానో చెప్తాను.

ఆప్షన్ జట్టు వస్తే మాకు వారమంతా ఒకటే పాఠం. ప్రతివాడికీ ఒక మనిషి. ఒకడు ఫుల్‌బ్యాక్‌ని, ఒకడు క్వార్టర్‌బ్యాక్‌ని, ఒకడు పిచ్‌ని చూసుకోవాలి. బంతి ఎవరి దగ్గరున్నా సరే, నీ మనిషిని నువ్వు వదలకూడదు. అయితే మా కోచ్ ఎండ్‌కీ నాకూ పనులు మార్చేసేవారు. ఎండ్ లోపలికి దూకి ఫుల్‌బ్యాక్‌ని పట్టేవాడు, నేను వాడి వెనకగా బయటికి జారి క్వార్టర్‌బ్యాక్ కోసం నిలబడేవాణ్ని. దీన్ని స్క్రేప్ అంటారు. క్వార్టర్‌బ్యాక్ రీడ్ సరిగ్గానే చేస్తాడు, లాక్కుంటాడు, తల ఎత్తేసరికి నేను ఎదురుగా ఉంటాను. మీ పిల్లాడు ఆ మూడింట్లో ఒకసారి సరిగ్గా చేసి కూడా దెబ్బ తిన్నాడేమో చూడండి. అలా అయితే వాడికి ఆ సంగతి చెప్పాలి అంకుల్, ఎందుకంటే వాడు తనదే తప్పు అనుకుంటూ ఉంటాడు.

మేం స్క్రేప్ చేస్తున్నామని ముందే తెలుస్తుంది. లైన్‌బ్యాకర్ మొదటి అడుగు ముందుకి కాకుండా పక్కకి పడుతుంది. అది మీరు బయటినుంచి చూడాలి, పిల్లాడు కాదు. మీ టాకిల్ ఎప్పుడూ ఎండ్ లోపలి పక్క నుంచి లైన్‌బ్యాకర్ మీదకి వెళ్తాడు కదా, స్క్రేప్ కనిపిస్తే ఎండ్ బయటి పక్క నుంచి వెళ్లమనండి. నేరుగా నా ఛాతీ మీదకే వస్తాడు. నాకు అది అస్సలు నచ్చేది కాదు. ఇంకా నచ్చనిది మిడ్‌లైన్. అందులో ఎండ్‌ని కాదు, లోపల గార్డ్ ముందున్న లావుపాటివాణ్ని బ్లాక్ చెయ్యకుండా వదిలేస్తారు. వాడికి జీవితంలో ఎవరూ అడ్డురాకుండా ఉండటం అలవాటు లేదు. ఒక్క క్షణం ఆగిపోతాడు. మీ పిల్లలకి ఆ క్షణం చాలు.

పిచ్ గురించి చిన్నమాట. స్లాట్‌బ్యాక్ పక్కకి నాలుగైదు గజాల దూరం, వెనక్కి ఒక గజం ఉండాలి. దగ్గరైతే ఇద్దర్నీ నేనొక్కణ్నే చూసుకోగలను. విసిరేటప్పుడు బొటనవేలు కిందికి తిరగాలి, బాస్కెట్‌బాల్‌లో ఛాతీ దగ్గర్నుంచి పాస్ వేసినట్టు, ఒక చేత్తో. ఈ ఆట బాస్కెట్‌బాల్ నుంచే వచ్చిందని మా కోచ్ చెప్పేవారు. 1941లో మిస్సోరీలో డాన్ ఫారట్ స్ప్లిట్ టీ అనే ఆప్షన్ ఆట మొదలుపెట్టినప్పుడు, ఒక డిఫెండర్ మీదకి ఇద్దరు బంతితో వస్తే ఏమవుతుందో అదే ఆయన ఊహ.

ఇంకొకటి. స్లాట్‌బ్యాక్‌లు బయట బ్లాక్ చేసేటప్పుడు కాళ్ల మీద పడకూడదు. 2022 నుంచి కాలేజీ నియమాల్లో టాకిల్ బాక్స్ (లైన్ మధ్యభాగం దగ్గరి చోటు) బయట నడుము కింద బ్లాక్ చెయ్యడం నిషేధం. టెక్సాస్‌లో స్కూలు ఆటలు కాలేజీ నియమాల మీదే నడుస్తాయి కాబట్టి మీకూ అంతే. నా ఎడమ మోకాలు ఇప్పటికీ చలికాలంలో నొప్పి పెడుతుంది, అందుకే రాస్తున్నాను. పాత ఆప్షన్ వీడియోలు చూసి నేర్పకండి, వాటినిండా అవే ఉంటాయి.

స్టేట్స్‌బరో పాత విద్యార్థి

తమ్ముడు చెప్పిన టాకిల్ బయటి అడుగు బంగారం. కానీ మాస్టారూ, ఈ తొమ్మిది రోజుల్లో అది పెట్టకండి. ముందు మెష్, తర్వాత ఒక్క డైవ్ రీడ్. పిచ్ కోసం స్పీడ్ ఆప్షన్ విడిగా ఆడించండి, అందులో ఫుల్‌బ్యాక్‌కి బంతి ఇవ్వడమనేది ఉండదు కాబట్టి వాడు పిచ్ కీ ఒక్కణ్నే చూస్తే సరిపోతుంది. రెండూ విడివిడిగా కుదిరాక ఒకే ఆటలో కలపండి.

అమ్మగారు చెప్పింది నాకు పన్నెండేళ్లలో ఎవరూ చెప్పలేదు. షీల్డ్ ఈ వారం నుంచే మొదలుపెడుతున్నాను.

లెక్కల మాస్టారు, టెక్సాస్

అందరికీ: నిన్న గురువారం ఆట అయింది. 14–12తో ఓడిపోయాం. కానీ ఇది రాయడానికి పొద్దున్నే ఐదింటికి లేచాను.

ముందు ఈ తొమ్మిది రోజులు ఏం చేశానో చెప్తాను. పిల్లాడికి అందరి ముందూ క్షమాపణ చెప్పాను. "పర్లేదు కోచ్" అని తల దించుకున్నాడు. క్లిప్‌బోర్డ్ మైదానానికి తీసుకెళ్లడం మానేశాను. ఆటల జాబితా ఒక అట్టముక్క మీద రాసి జేబులో పెట్టుకుంటున్నాను. ఫుల్‌బ్యాక్ నిలబడే చోట రోజూ సుద్దపొడితో గీత గీశాం. పైపు దొరకలేదు, మా కస్టోడియన్ పాత తోట గొట్టం ఒకటి ఇచ్చారు.

వేళ్ల డ్రిల్ మాకు బాగా పట్టుబడింది. మూడోరోజు నుంచి నేను దాన్ని కొంచెం మార్చాను. సరిసంఖ్య చూపిస్తే ఇవ్వాలి, బేసి అయితే లాక్కోవాలి. లెక్కల మాస్టారి జట్టు కదా. మొదటిరోజు 20కి 9, ఐదోరోజు 20కి 17. ఆ తర్వాత వేళ్లు మానేసి భుజానికి వెళ్లాం. అక్కడ మళ్లీ తడబడ్డాడు. భుజం అంటే ఏం చూడాలో వాడికి అందలేదు.

అప్పుడు నాకు కబడ్డీ గుర్తొచ్చింది. మా ఊళ్లో కూతకి వెళ్లేటప్పుడు మూలనున్నవాడి కళ్లు చూడొద్దు, నడుము చూడమని మా డ్రిల్ మాస్టారు చెప్పేవారు. నడుము తిరిగిందంటే చీలమండ పట్టుకోవడానికి వచ్చేస్తున్నాడని. ఒకరోజు హెల్మెట్లు తీయించి, గడ్డిమీద గీతలు గీసి, పావుగంట కబడ్డీ ఆడించాను. పట్టుకోవడం లేదు, తాకడమే. మా క్వార్టర్‌బ్యాక్‌ని ఆరుసార్లు కూతకి పంపాను. మొదటి మూడుసార్లు దొరికిపోయాడు. నాలుగోసారి మూలనున్నవాడు కదలబోయే ముందే వెనక్కి జారాడు. "ఏం చూశావు?" అంటే "ఇక్కడ" అని తన భుజమూ నడుమూ కలిపి చూపించాడు. ఆ తర్వాత రీడ్‌లో తేడా కనిపించింది.

అమ్మగారూ, మీరు చెప్పినట్టు పక్కకి పిలిచి అడిగాను. వెంటనే ఏమీ అనలేదు. మర్నాడు తనే వచ్చి, షీల్డ్‌తో తోయించుకునే డ్రిల్ ఇంకో రెండుసార్లు చెయ్యొచ్చా అని అడిగాడు. అదే జవాబనుకున్నాను.

ఇక ఆట. 24 సార్లు డైవ్ రీడ్ పిలిచాం. 15 ఇచ్చాడు, 9 లాక్కున్నాడు. రాత్రి వీడియో చూసి లెక్కపెట్టాను, 24లో 18 సరైన నిర్ణయాలు. మెష్ దగ్గర ఒక్కసారి కూడా బంతి జారలేదు. ఒక్కసారి కూడా! స్నాప్ ఒకటి జారింది, అది సెంటర్ చెమట చేతులది, మళ్లీ మాకే దొరికింది. మా రెండు టచ్‌డౌన్లలో ఒకటి వాడు లాక్కుని 31 గజాలు పరుగెత్తింది. ఎండ్ ఫుల్‌బ్యాక్‌ని వాటేసుకుని నేలమీద పడి, చేతిలో బంతి లేదని అప్పుడు చూసుకున్నాడు. స్టేట్స్‌బరో గారూ, మీరు రాసిన ఆ మౌనం మా చిన్న మైదానంలో కూడా వినిపించింది.

మూడో క్వార్టర్‌లో వాడు తప్పుగా లాక్కుని ఆరు గజాలు వెనక్కి పడ్డాడు. లేచి నేరుగా నా వైపు చూశాడు. నేను చేతులు జేబులో పెట్టుకుని నిలబడ్డాను. మా సిరీస్ (బంతి మా చేతిలో ఉన్న వంతు) అయ్యాక వాడే నా దగ్గరికి నడిచొచ్చాడు.

"భుజం చూడలేదు కోచ్. కాళ్లు చూశాను."

"మళ్లీ అదే ఆట పిలవనా?"

"పిలవండి."

పిలిచాను. ఈసారి ఇచ్చాడు. ఫుల్‌బ్యాక్‌కి ఏడు గజాలు.

న్యూజెర్సీ బాబూ, నువ్వు చెప్పిన స్క్రేప్ రెండో అర్ధభాగంలో వాళ్లు మొదలుపెట్టారు. లైన్‌బ్యాకర్ మొదటి అడుగు పక్కకి పడటం నా కళ్లతో చూశాను, కానీ మా టాకిల్‌కి ఇంకా ఆ అడుగు నేర్పలేదు. చివరి రెండు సిరీస్‌లు అక్కడే ఆగిపోయాయి. సోమవారం మొదలుపెడదామనుకుంటున్నాను. టాకిల్ ఎండ్‌ని బయటినుంచి దాటేటప్పుడు మొదటి అడుగు ఏ కాలితో వెయ్యాలి? మావాడు ఎడమ టాకిల్, కొంచెం నిదానం. వీలైతే రాత్రికి రాయి.